ఠాణా నుంచి ఆసుపత్రి దాకా

భారతదేశంలో మతి స్థిమితం తప్పి వీధిన పడ్డ మనిషి బాధ్యతను చట్టం మొదట అప్పగించింది దరోగాకే, అంటే ఠాణా అధికారికే. 1858లో, పాలన కంపెనీ చేతుల్లోంచి బ్రిటిష్ రాణి చేతుల్లోకి మారిన ఏడాదే, ఉన్మాదుల విషయమై మూడు చట్టాలు వచ్చాయి. వాటిలో 36వ చట్టం పిచ్చాసుపత్రులకు సంబంధించినది. మతి చెడి తిరుగుతున్నవాళ్లనూ, ఉన్మాదంలో ఎవరికైనా హాని తలపెడతారని అనుమానం కలిగించినవాళ్లనూ పట్టుకుని మేజిస్ట్రేటు దగ్గరికి పంపడం పోలీసుల విధి అని అందులో రాశారు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు 1871లో విశాఖపట్నంలో అలాంటి ఆసుపత్రి ఒకటి దక్కింది. నిజాం రాజ్యంలోనైతే మానసిక రోగుల ఆశ్రమం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఏకంగా హైదరాబాదు జైలు ఆవరణలోనే మొదలైంది. అక్కణ్నుంచి జాల్నాకు వెళ్లి, 1953లో ఎర్రగడ్డకు చేరింది.

1912 నాటి ఉన్మాద చట్టం ఇదే పద్ధతిని మరింత బిగించింది. ఊరికే తిరుగుతున్న రోగిని స్టేషన్ అధికారి అరెస్టు చేయవచ్చు. ప్రమాదకరమనిపిస్తే చేసి తీరాలి. తర్వాత మేజిస్ట్రేటు చూడాలి, డాక్టరు ధ్రువపత్రం ఇవ్వాలి, అప్పుడు ఆసుపత్రిలో చేర్చుకోమనే రిసెప్షన్ ఆర్డర్ రావాలి. ఆర్డర్ చేతికొచ్చేదాకా మనిషిని ఎక్కడ ఉంచాలి? ఆసుపత్రులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అందుబాటులో ఉన్నది జైలు. ఏ నేరమూ చేయనివాణ్ని కటకటాల వెనక ఉంచడం అలా మామూలైపోయింది. చట్టం చూసింది వీధి ప్రశాంతతను. రోగి నయమై ఇంటికి వెళ్లడం అనేది దాని ఊహలో పెద్దగా ఉన్నట్టు కనబడదు.

దీని ఫలితం స్వాతంత్ర్యం వచ్చిన చాలా కాలానికి సుప్రీంకోర్టులో బయటపడింది. 1982లో వీణా సేథీ కేసులో హజారీబాగ్ జైలు సంగతి తేలింది. నేరారోపణ మీద వచ్చి, మతి స్థిమితం లేదన్న కారణంతో ఉండిపోయి, నయమయ్యాక కూడా దశాబ్దాల తరబడి విడుదలకు నోచుకోనివాళ్లు అక్కడ ఉన్నారు. 1993లో షీలా బర్సే కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. నేరంతో సంబంధం లేని మానసిక రోగులను జైల్లో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగవిరుద్ధం అని తీర్పు చెప్పింది. పశ్చిమ బెంగాల్ జైళ్ల మీద నడిచిన ఆ కేసు ముగిసిన ఏడాదే, ఏప్రిల్ 1న, 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చింది. చేసిన ఆరేళ్లకు అమలు. కొత్త చట్టంలో అరెస్టు పోయి 'రక్షణలోకి తీసుకోవడం' వచ్చింది గానీ, దారి మాత్రం పాతదే: 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు, అక్కణ్నుంచి ఆసుపత్రికి.

ఈ దారిలో ఎక్కువ నలిగేది కానిస్టేబులే. రాత్రి పూట బస్టాండులో ఒకాయన వచ్చీపోయేవాళ్ల మీద రాళ్లు విసురుతున్నాడని ఫోను వస్తుంది. వెళ్లి చూస్తే మాట్లాడేది ఒడియానో బెంగాలీనో, ఊరి పేరు అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెబుతాడు. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు పగలే ఉంటాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే వెంట బంధువు ఎవరని అడుగుతారు. తెల్లారితే బందోబస్తు డ్యూటీ. ఇన్ని చిక్కుల మధ్య, స్టేషన్ పరిధి దాటించి వదిలేస్తే పోతుందన్న ఆలోచన ఒక పోలీసుకు రావడంలో వింతేమీ లేదు.

ఈ చిక్కు ఎక్కడుందో అమెరికాలోని మెంఫిస్ నగరం ముందుగా పట్టుకుంది. 1987లో కత్తితో తనను తాను గాయపరుచుకుంటున్న ఒక యువకుణ్ని అక్కడి పోలీసులు కాల్చి చంపారు. ఊరంతా మండిపడింది. మరుసటి ఏడాది పోలీసు శాఖ, రోగుల కుటుంబాల సంఘం, విశ్వవిద్యాలయాలు కలిసి ఒక ఏర్పాటు చేశాయి. ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇచ్చారు. శిక్షణ గురించే అందరూ చెప్పుకుంటారు కానీ, అసలు కీలకం రెండో సగంలో ఉంది. పోలీసు ఎవరిని తెచ్చినా కాదనకుండా చేర్చుకునే ఆసుపత్రి ఒకటి నిర్ణయించారు. రోగిని అప్పగించి పోలీసు త్వరగా తన పనికి వెళ్లిపోవచ్చు.

భారతదేశంలో ఇంచుమించు ఆ ఆలోచనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కనిపిస్తుంది. మరుసటి ఏడాది అమల్లోకి వచ్చిన ఈ చట్టపు 100వ సెక్షన్ మేజిస్ట్రేటును దారిలోంచి తప్పించింది. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న రోగినీ, తనకో ఇతరులకో ముప్పు తెచ్చే రోగినీ పోలీసు రక్షణలోకి తీసుకుని, కారణం చెప్పి, 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. రోగి అవసరాలను అంచనా వేయడం ఇక వైద్యాధికారి పని. ఇల్లూవాకిలీ లేని మనిషైతే స్టేషన్లో మిస్సింగ్ కేసు నమోదు చేసి, కుటుంబాన్ని వెతకడం స్టేషన్ అధికారి బాధ్యత. పోలీసులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలని 30వ సెక్షన్ ప్రభుత్వానికి చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వాళ్ల మీద శిక్షాస్మృతి కింద కేసు నడపరాదని 115వ సెక్షన్ అంది. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన శిక్షాస్మృతి పాత 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రం ఇంకా నేరమే.

చట్టం కలిపిన చేతులు క్షేత్రంలో అక్కడక్కడే కలిశాయి. చెన్నై పోలీసులు 2021లో 'కావల్ కరంగళ్' పేరుతో స్వచ్ఛంద సంస్థలను వెంటబెట్టుకుని వీధి మనుషులను ఆశ్రయాలకు చేర్చడం మొదలుపెట్టారు. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే కౌన్సెలర్ పలుకుతాడు, తెలుగులో కూడా. అది ఫోన్లో మాట్లాడే సేవ. కత్తి పట్టుకుని గదిలో గడియ పెట్టుకున్న కొడుకు కోసం తల్లి 112కు ఫోన్ చేస్తే గుమ్మం ముందుకు వచ్చేది ఇప్పటికీ చాలాచోట్ల పోలీసు బండే. అందులో కౌన్సెలర్‌కు సీటు ఉండాలని 2017 చట్టం ఎక్కడా చెప్పలేదు.