అమృతాంజనం సీసాలో ఏముంది?

పాత ‘భారతి’ సంచికలు తిరగేసేవారికి అమృతాంజనం ప్రకటన కొత్త కాదు. నేనూ చాలాకాలం ఆ పుట దాటేసి వ్యాసాల్లోకి వెళ్ళిపోయినవాణ్ణే. ఆ వ్యాసాలకు కాగితం ఖర్చు పెట్టుకున్నది ఆ లేపనమేనన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

కృష్ణాజిల్లాలో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. మొదట్లో సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. ఆ రాబడి అండతోనే 1908లో బొంబాయి నుంచి ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ వచ్చింది.

ఇంతకీ ఆ లేపనం చేసే పనేమిటి? కర్పూరం, పుదీనా నుంచి తీసే మెంథాల్, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె: ఈ జాతి లేపనాలకు ఇవే మూలధనం. మెంథాల్ వల్ల చర్మం నిజంగా చల్లబడదు. చలిని పసిగట్టే నాడీ గ్రాహకాన్ని అది తట్టి లేపుతుంది, అంతే. ఆ గ్రాహకాన్ని 2002లో రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి. వాటి సారథులు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు ఉష్ణ, స్పర్శ గ్రాహకాల పరిశోధనలకుగాను 2021లో నోబెల్ బహుమతి లభించింది. చల్లదనం భ్రమే కాని, ఊరట భ్రమ కాదు.

వాపు సంగతి చూసుకునేది ముఖ్యంగా వింటర్‌గ్రీన్ నూనె. అందులో దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే. అది చర్మంలోకి ఇంకి సాలిసిలిక్ ఆమ్లంగా మారి, వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తుంది. అంటే ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టమన్నమాట. నేటి నొప్పి జెల్‌లలో చాలావాటిలోనూ ఇదే ఉంటుంది. మైనపు జిడ్డుకు బదులు వాటిలో నీటితో చేసిన ఆధారం ఉంటుంది.

అందుకే “మొక్కల మందే కదా, ఏం చేస్తుంది?” అన్నమాట వింటే నాకు భయం వేస్తుంది. ఒక్క చెంచాడు వింటర్‌గ్రీన్ నూనె మింగితే పసివాడి ప్రాణం పోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు సాలిసిలేట్ లేపనాలను ఒళ్ళంతా పట్టిస్తే రక్తస్రావం కావచ్చు. మేలు చేసే శక్తి ఉన్నదానికి కీడు చేసే శక్తీ ఉంటుంది. మన పెద్దలకు ఇది తెలియనిది కాదు: ‘మందు ఇవ్వడం’, ‘మందు పెట్టడం’ అన్న రెండు మాటల మధ్య తెలుగులో ఎంత దూరముందో చూడండి.

పంతులుగారి సీసాను చిట్కాగా కాక మందుగా గౌరవించి, పిల్లలకందని ఎత్తులో పెట్టడమే సబబని నాకు తోస్తుంది.