మేకుకు జింకు పూత ఎలా వచ్చింది?



పశువుల కొట్టానికి రేకులు కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడతాము. మేకులూ, బోల్టులూ మాత్రం దుకాణదారు ఏవి తూచి ఇస్తే అవే తెచ్చుకుంటాము. రేకు నిలిచేది వాటి మీదనే గదా! ఈ సంగతి బ్రిటిషు నౌకాదళంవారికి 260 యేళ్ల కిందటే బోధపడింది.

1761లో వారు 'అలారం' అనే కొయ్య యుద్ధనౌక అడుగుభాగానికి రాగిరేకులు తొడిగించారు. కలపను తొలిచే సముద్రపు పురుగుల బెడద తప్పించుకోవాలని వారి వుద్దేశం. పురుగుల బెడద తప్పింది గాని, 1763లో ఓడను పరీక్షించి చూస్తే రాగికి తగిలివున్న ఇనుప మేకులు చాలాచోట్ల తినిపోయి వున్నవి. రేకులకు చుట్టివచ్చిన మట్టిరంగు కాగితం అక్కడక్కడ వూడదీయకుండా వుండిపోయింది. చిత్రమేమంటే, ఆ కాగితం అడ్డమున్నచోట మేకులు బాగానే వున్నవి! ఉప్పునీటిలో రాగీ ఇనుమూ ఒకదానికొకటి తగిలితే నష్టపోయేది ఇనుమేనన్నమాట.

జింకు సంగతి దీనికి తలకిందులు. తడిలో ఇనుము పక్కన జింకు వుంటే ముందుగా జింకే అరిగిపోతుంది, ఇనుము నిలుస్తుంది. కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతిని 1742లోనే ఫ్రాన్సులో మలూయిన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. అయినా 1837లో సోరెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు పొందిన తర్వాతనే అది వ్యాపారంలోకి వచ్చింది. మనం 'జి.ఐ.' రేకు అంటామే, అందులో 'జి' ఈ గాల్వనైజింగే.

పూతలన్నీ ఒకటి కావు. పాత కిరసనాయిలు డబ్బా మీద వుండేది తగరం పూత. దానిమీద గీత పడిందా, అక్కడ ఇనుము మరీ త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత గీరుకుపోయినా చుట్టుపక్కలనున్న జింకు ఆ చోటును కొంతకాలం కాపాడుతుంది.

దుకాణంలో తళతళలాడే బోల్టును చూసి మురిసిపోకండి. అది సాధారణంగా కరెంటుతో ఎక్కించిన పలచని పూత, 5 నుంచి 12 మైక్రాన్లు. ఇంటిలోపలి పనికి చాలు. సుమారు 450 డిగ్రీల వేడి జింకులో ముంచి తీసిన బోల్టు మసక బూడిదరంగులో, కాస్త గరుకుగా వుంటుంది. దాని పూత మామూలుగా 40 మైక్రాన్లు దాటుతుంది. కప్పుకూ, ఎరువుల గదికీ, ఉప్పుగాలి తగిలే తీరగ్రామాలకూ ఇదే అడగండి. జి.ఐ. రేకుకు రాగి మేకులు మాత్రం వద్దు, చుట్టూవున్న జింకును తినేస్తాయి.

ముంచి తీసిన బోల్టుకు మర కొంచెం వదులుగా కోసిన నట్టు వుంటుంది. రెండూ జతగానే తీసుకోండి. మామూలు నట్టు ఎక్కడం లేదని బోల్టు మరను ఆకురాయితో గీస్తే, డబ్బిచ్చి కొన్న పూతంతా పొడిగా రాలిపోతుంది.