రోడ్డెక్కని ఫోర్డు బండి

మన ఐటీలో ప్రాజెక్టు కేన్సిలయితే ఏం చేస్తాం? కొన్నాళ్ళు బెంచీ మీద కూర్చుంటాం, రెజ్యూమె దుమ్ము దులుపుతాం. కార్ల కంపెనీలో అయితే ఒక్కోసారి ఫ్యాక్టరీకే తాళం పడుతుంది. ఫోర్డు కథ అలాంటిదే.

ఫోర్డు, మహీంద్రాలది పాత స్నేహం. 1995లో కలిసి కంపెనీ పెట్టి, 1996లో ఎస్కార్ట్ తెచ్చారు. తర్వాత ఫోర్డు తన దారి తను చూసుకుంది. 2013లో ఎకోస్పోర్ట్ వచ్చింది. మన దేశంలో కారు పొడవు నాలుగు మీటర్లు దాటకపోతే, ఇంజను కూడా చిన్నదైతే పన్ను తక్కువ కదా. నాలుగు మీటర్లలో ఎస్‌యూవీని జనానికి రుచి చూపించింది ఎకోస్పోర్టే అని నా అభిప్రాయం.

రుచి మరిగాక అందరూ వచ్చేశారు. 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, 2020లో మన పెనుకొండ దగ్గర తయారైన కియా సోనెట్. ఎకోస్పోర్ట్‌కి మాత్రం 2017లో కొత్త ఇంజనూ, కొత్త మొహమూ తగిలించి సరిపెట్టారు.

కొత్త బండి కోసం ఫోర్డు మళ్ళీ మహీంద్రా తలుపు తట్టింది. 2018 మార్చిలో కుదిరిన ఒప్పందాల్లో ఓ కాంపాక్ట్ ఎస్‌యూవీ కూడా ఉంది. 2019 అక్టోబరులో ఇంకో అడుగు వేశారు: మహీంద్రాకి 51 శాతం, ఫోర్డుకి 49 శాతం వాటాతో జాయింట్ వెంచరు. చెన్నై, సనంద్ కార్ల ఫ్యాక్టరీలు దాని కిందికే వెళ్ళాలి. ముందు రావాల్సిన మిడ్‌సైజు ఎస్‌యూవీకి ప్లాట్‌ఫారమూ ఇంజనూ మహీంద్రావే. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండు మహీంద్రాది, ఫ్రంటెండు ఫోర్డుది అన్నమాట.

2020 డిసెంబరు 31తో గడువు ముగిసింది. మర్నాడే ఒప్పందం లేదని ప్రకటించేశారు. కోవిడ్ తెచ్చిన మార్పుల్ని కారణంగా చూపించారు. నాకైతే అదొక్కటే కారణమంటే మింగుడుపడదు. అదే కోవిడ్‌లో 2021 ఆగస్టుకల్లా మహీంద్రా తన ఎక్స్‌యూవీ700ని బయటపెట్టింది కదా! అసలు తప్పు అంతకుముందే జరిగింది. రాబోయే బండ్లన్నిటికీ ఒకే భాగస్వామి మీద ఆధారపడితే, ఆ ఒక్క లింకు తెగినరోజు చేతిలో ఏమీ మిగలదు. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఇదే.

2021 సెప్టెంబరు 9న ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డు చెప్పేసింది. పదేళ్ళలో నష్టం 200 కోట్ల డాలర్ల పైమాటేనట. సుమారు 4,000 మంది ఉద్యోగాల మీద దెబ్బ. గమనించారా, చెన్నైలో ఫోర్డుకి సాఫ్ట్‌వేర్, ఇంజనీరింగ్ పనులు చేసిపెట్టే ఆఫీసుని మాత్రం మూయలేదు, పెంచుతామన్నారు. ప్లాను గీసే మనలాంటివాళ్ళు నిలబడ్డారు, బోల్టు బిగించేవాళ్ళు మూల్యం చెల్లించారు.

సనంద్ ఫ్యాక్టరీని 725.7 కోట్లకు టాటా వాళ్ళు కొన్నారు, 2023 జనవరిలో చేతికొచ్చింది. మరుసటి ఏడాది ఫోర్డు కట్టిన ఆ ఫ్యాక్టరీ నుంచి ఓ కాంపాక్ట్ ఎస్‌యూవీ బయటికొచ్చింది. దాని పేరు నెక్సాన్.