సారా వెనుక మనుషులు

ఫిట్జెరాల్డ్ 'ది గ్రేట్ గాట్స్‌బీ' (1925) చదివినవారికి గాట్స్‌బీ గుర్తుంటాడు, డైసీ గుర్తుంటుంది. మేయర్ వుల్ఫ్‌షీమ్ గుర్తుండడు. ఒకసారి హోటల్లో భోజనం దగ్గర, మరోసారి గాట్స్‌బీ చనిపోయాక తన ఆఫీసులో అతను కాసేపు కనిపిస్తాడు. మనిషి దంతాలతో చేయించిన చొక్కా బొత్తాలు పెట్టుకుంటాడు. గాట్స్‌బీని పైకి తెచ్చింది తానేనంటాడు. అంత్యక్రియలకు మాత్రం రానంటాడు. ఇంత చిన్న పాత్రను తీసేస్తే గాట్స్‌బీ విందులకు డబ్బెక్కడిదన్న ప్రశ్నకు టామ్ కోపంలో అన్న నాలుగు మాటలు తప్ప జవాబుండదు.

అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు వరకు మద్యనిషేధం నడిచింది. మందుల దుకాణాల ముసుగులో సారా అమ్మిన సొమ్ముతో లేచింది గాట్స్‌బీ వైభవం. వుల్ఫ్‌షీమ్‌కు మూలం ఆర్నాల్డ్ రాథ్‌స్టీన్ అనే జూదరి అని చెబుతారు. 1919 బేస్‌బాల్ ప్రపంచ పోటీల్లో షికాగో జట్టు డబ్బు తీసుకొని ఓడిపోయింది. ఎనిమిది మంది ఆటగాళ్లను 1921లో జీవితాంతం ఆటనుంచి వెలివేశారు. రాథ్‌స్టీన్ మీద కేసు కూడా పెట్టలేదు. 1928లో న్యూయార్కులో ఎవరో కాల్చి చంపారు.

ఇక్కడ ఫిట్జెరాల్డ్ చూపు కుంటుపడిందని నా అభిప్రాయం. చీకటి వ్యాపారమంతా వంకర ఉచ్చారణ గల ఒక యూదుడి నెత్తిన పెట్టాడు. జాతిద్వేషపు వాసన ఆ పేజీల్లో ఇంకా పోలేదు. టామ్ మనసు ఎంత క్రూరమైనదో చూపిన రచయితే, టామ్ తాతల ఆస్తి ఎలా వచ్చిందో ఒక్క వాక్యం రాయలేదు.

మన దగ్గర ఇదే చరిత్ర వేరే దారిన నడిచింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం తర్వాత మద్రాసు రాష్ట్రమంతా పాకింది. 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. దాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ చెప్పింది. ఆ వివాదం మీదే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో కూలింది. తెలంగాణలో సారా సర్కారు ఖజానాకు రాబడి. నారాయణగూడలో ప్రభుత్వ డిస్టిలరీ ఉండేది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో కూడా తెలంగాణలో నిషేధం సంగతి తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకోవాలని రాసుకున్నారు. అందుకే మా హిమాయత్‌నగర్ పిల్లలకు 'ఆరు సారా కథలు' చెప్పేటప్పుడు, సారా అమ్మితే కోర్టుకెందుకు లాక్కెళతారో ముందు వివరించవలసి వస్తుంది.

రావిశాస్త్రి విశాఖపట్నం వకీలు. నిషేధపు చట్టాన్ని కోర్టు గుమ్మంలో నిలబడి చూశాడు. 'మాయ' కథలో ముత్యాలమ్మ సారా కేసులో చిక్కుతుంది. వుల్ఫ్‌షీమ్‌లాగా ఆమె గుసగుసలాడదు. కొత్త ప్లీడరు మూర్తి ముందు కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది. పోలీసులూ, ప్లీడర్లూ, కోర్టూ ఎవరి డబ్బు మీద బతుకుతున్నారో ఆమెకు తెలుసు, మూర్తికి తెలియదు. ఫిట్జెరాల్డ్ చీకట్లో దాచిన లెక్కను రావిశాస్త్రి నిందితురాలి నోట చెప్పించాడు. ఆమె భాషలో వెక్కిరింపు ఉంది గాని ఆమెను చూసి వెక్కిరింపు లేదు.

అయితే ముత్యాలమ్మ అమ్మకందారు మాత్రమే. వుల్ఫ్‌షీమ్ స్థానంలో ఉన్నవాడు తెలుగులో ఎవరంటే నాకు 'అల్పజీవి' కాంట్రాక్టరు గవరయ్య గుర్తొస్తాడు. గుమస్తా సుబ్బయ్య గవరయ్య దగ్గర డబ్బు తీసుకుంటాడు, ఆ తర్వాత అతని పేరు తలచుకుంటేనే వణుకుతాడు. గవరయ్య పరాయి జాతివాడు కాడు. యాస వింతగా ఉండదు. ఆఫీసులోకి దర్జాగా వచ్చి, బిల్లుల గురించి మాట్లాడి వెళ్లగలవాడు.