దొరికేలా పారేశారు

2007 జనవరి 22, సోమవారం. సంక్రాంతి వెళ్లి వారమైంది. సూళ్లూరుపేట నుంచి షార్ అంతరిక్ష కేంద్రం బస్సులు ఎప్పటిలాగే పులికాట్ సరస్సు మధ్య రోడ్డు మీదుగా శ్రీహరికోటకు పోయాయి. రాకెట్ ఎగిరే రోజైతే ఊళ్లో ఆ సందడే వేరు. మేడల మీద జనం, చెంగాళమ్మ గుళ్లో ఇస్రో పెద్దల పూజలు, బోట్లు వేసుకుని అటువైపు పోవద్దని మత్స్యకార పల్లెలకు కబుర్లు. ఆ సోమవారం మాత్రం పైకి పోయేదేమీ లేదు. పైనుంచి కిందికి రావాల్సింది ఒకటుంది.

దాని పేరు ఎస్‌ఆర్‌ఈ-1. బరువు 550 కిలోలు. అడుగున 2 మీటర్ల వెడల్పు, ఎత్తు 1.6 మీటర్లు. ముక్కు గుండ్రంగా ఉండి కిందికి విచ్చుకుంటూ వచ్చే లోహపు పెట్టె. పన్నెండు రోజుల కిందట, జనవరి 10 ఉదయం, పీఎస్‌ఎల్‌వీ-సీ7 దాన్ని ఇదే దీవి నుంచి మోసుకుపోయి 635 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. వెంట కార్టోశాట్-2, ఇండోనేషియాది ఒకటి, అర్జెంటీనాది ఆరు కిలోల బుల్లిది ఒకటి. ఆ మూడూ పైనే ఉండిపోయేవి. ఎస్‌ఆర్‌ఈ-1 ఒక్కటే వెనక్కి రావాలి. దాన్ని బంగాళాఖాతంలో పడేయాలి, పడేశాక వెతికి పట్టుకోవాలి. అప్పటిదాకా మన దేశం కక్ష్యలోకి పంపినవాటిలో ఒక్కటి కూడా తిరిగి చేతికి వచ్చింది లేదు.

అసలు ఈ సముద్రానికి తీసుకోవడమే గానీ తిరిగివ్వడం అలవాటు లేదు. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 ఎగిరిన ఐదు నిమిషాలకే ఈ నీళ్లలో పడింది. 1987లో ఒక ఏఎస్‌ఎల్‌వీ, మరుసటి ఏడాది ఇంకొకటి. అన్నిటికంటే పచ్చిగా ఉన్న గాయం 2006 జులై 10ది. ఆ సాయంత్రం 5 గంటల 38 నిమిషాలకు లేచిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్02, పక్కన కట్టిన నాలుగు ఇంజన్లలో ఒకటి మొరాయించడంతో దారి తప్పి, ఒడ్డున ఉన్నవాళ్లు చూస్తుండగానే ముక్కలైంది. రెండు టన్నుల పైచిలుకు ఇన్‌శాట్-4సీ ఉపగ్రహం దానితోపాటే పోయింది. అది జరిగి ఆరు నెలలే. అదే నీళ్లలో ఇప్పుడు ఇంకో వస్తువును కావాలని, చేతులారా పడేయబోతున్నారు.

మైపాడు బీచ్‌లో కారు తాళాలు జారిపోయాయనుకోండి. తెలివైనవాడు ముందు పిల్లల్ని కదలొద్దంటాడు. ఎక్కడ కూర్చున్నామో, ఎక్కడ లేచామో, జేబులోంచి ఫోను ఎప్పుడు తీశామో గుర్తు చేసుకుంటాడు. అక్కడినుంచి మూర మూర చొప్పున ఇసుక తడుముకుంటూ పోతాడు. తెలివితక్కువవాడు ఒడ్డంతా తొక్కి, పైనున్న తాళాన్ని తనే లోపలికి పాతేస్తాడు. ఎలాంటివాడు వెతికినా ఇసుక కదలదు, చీకటి పడేలోపు మొదలుపెట్టిన చోటు మొదలుపెట్టిన చోటే ఉంటుంది. నడిసంద్రంలో ఆ సౌకర్యం లేదు. మన పట్టపోళ్లు వలేసిన చోటును ఒడ్డున ఉన్న తాడిచెట్టునో, గుడి గోపురాన్నో, లైట్‌హౌస్‌నో చూసి గుర్తుపెట్టుకుంటారు. ఎస్‌ఆర్‌ఈ పడాల్సిన చోటు శ్రీహరికోటకు తూర్పుగా 140 కిలోమీటర్ల దూరాన. అక్కడినుంచి ఏ తాడిచెట్టూ కనబడదు. నీరు కూడా ఒకచోట ఆగదు. పడ్డ వస్తువు నిమిషం తర్వాత పడ్డ చోట ఉండదు.

అందుకని ఇస్రో వాళ్లు వెతుకులాటను వస్తువు పడకముందే మొదలుపెట్టారు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. జనవరి 19న దాని కక్ష్యను మార్చారు. ఒకవైపు 485, ఇంకోవైపు 639 కిలోమీటర్ల ఎత్తుండే కోడిగుడ్డు ఆకారపు దారి అది. ఆ దారిలో తిరిగితే మళ్లీ మళ్లీ సరిగ్గా అదే గీత మీదికి వస్తుంది. ఎక్కడ పోగొట్టుకోవాలో ముందే గీత గీసుకున్నారన్నమాట. లెక్క ఎందుకంత కచ్చితంగా ఉండాలంటే, ఆ ఎత్తులో అది సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పోతుంటుంది. బ్రేకు ఒక్క సెకను ఆలస్యమైతే పడే చోటు సుమారు ఆ ఏడు కిలోమీటర్లూ జరిగిపోతుంది. పది సెకన్లయితే వెతికే ఓడలు ఒకచోట, వస్తువు ఇంకోచోట.

దాని మీద కన్నేసి ఉంచడానికి బెంగళూరు, లక్నో, శ్రీహరికోట కేంద్రాలు చాలవు. గుండ్రటి భూమికి అవతలివైపు పోయినప్పుడు ఎవరో ఒకరు చూడాలి కదా. మారిషస్ చూసింది, ఇండోనేషియాలోని బియాక్ చూసింది, కెనడాలో సస్కటూన్, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ కూడా చూశాయి. జనవరి నెలలో సస్కటూన్ అంటే గడ్డకట్టే చలి. స్వాల్‌బార్డ్‌లోనైతే ఆ రోజుల్లో సూర్యుడే ఉదయించడు. నెల్లూరు తీరంలో పడబోయే పెట్టెకు ఆ మంచులో నిలబెట్టిన యాంటెనాలు కాపలా కాశాయి.

స్వాల్‌బార్డ్ పేరు వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి చెప్పాలి. 1959 ఏప్రిల్‌లో అమెరికా డిస్కవరర్-2 అనే ఉపగ్రహాన్ని పంపింది. దాని పెట్టెను పసిఫిక్ సముద్రంలో హవాయి దీవుల దగ్గర పట్టుకోవాలని వాళ్ల పథకం. టైమర్‌కు ఇచ్చిన ఆదేశంలో పొరపాటు జరిగి పెట్టె వేళ కాని వేళ విడిపోయింది. ఆర్కిటిక్‌లో, ఈ స్వాల్‌బార్డ్ దీవుల్లోనే పెద్దదైన స్పిట్స్‌బెర్గన్ చుట్టుపక్కల దిగింది. మనుషులు పోయి మంచంతా గాలించారు. దొరకలేదు. రష్యావాళ్లు ఎత్తుకుపోయారన్న అనుమానం అమెరికన్లను చాలాకాలం పీడించింది. ఆ ఉదంతం నుంచే ఆలిస్టర్ మెక్లీన్ 'ఐస్ స్టేషన్ జీబ్రా' నవలకు కథ అందిందంటారు. మరుసటి ఏడాది ఆగస్టులో డిస్కవరర్-13 పెట్టె సముద్రంలో దొరికింది. కక్ష్య నుంచి తిరిగొచ్చి మనిషి చేతికి చిక్కిన తొలి వస్తువు అదే. ఆ రెండింటి మధ్య నడిచినవన్నీ వైఫల్యాలే. ఇదంతా తెలిసే ఇస్రో ఆ పనికి దిగింది.

మళ్లీ జనవరి 22కు వద్దాం.

ఉదయం 8 గంటల 42 నిమిషాలు. బెంగళూరు నుంచి వెళ్లిన ఆదేశంతో ఎస్‌ఆర్‌ఈ వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. పోతున్న దిక్కుకు ఎదురుగా మంట రావాలి, అప్పుడే వేగం తగ్గుతుంది. 9 గంటలకు రాకెట్ మోటార్లు అంటుకున్నాయి. 9.10కి ఆగాయి. అప్పటికి పెట్టె బంగాళాఖాతానికి వేల కిలోమీటర్ల అవతల ఉంది. అయినా పడే చోటు ఖాయమైపోయినట్టే. ఆ పది నిమిషాల్లో జరిగిన తప్పొప్పులను తర్వాత దిద్దేవాడు లేడు. 9.17కి ముక్కు ముందుకు పెట్టి వాతావరణంలోకి దూరేందుకు సిద్ధమైంది.

9.37. నూరు కిలోమీటర్ల ఎత్తు. సెకనుకు 8 కిలోమీటర్ల వేగం, అంటే గంటకు 29 వేల కిలోమీటర్లు. ఇక్కడ గాలి పల్చనిదే అయినా ఆ వేగానికి నిప్పవుతుంది. పెట్టె ముక్కుకు కార్బన్ ఫినాలిక్ అనే పదార్థం తొడిగారు. అది తాను కాలుతూ, పొరలు పొరలుగా ఊడిపోతూ లోపలిదాన్ని కాపాడుతుంది. మిగతా ఒళ్లంతా సిలికా పలకలు. ఇలా మండుతూ దిగే వస్తువు చుట్టూ విద్యుదావేశం నిండిన వాయువు కమ్ముకుంటే రేడియో సంకేతాలు బయటికి రావు. కింద ఉన్నవాళ్లకు గడియారం చూడటం తప్ప పని ఉండదు.

ఐదు కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి గాలే దాని వేగాన్ని సెకనుకు 101 మీటర్లకు దించేసింది. ముందు చిన్న పారాచూట్లు విచ్చుకుని 47 మీటర్లకు తగ్గించాయి. రెండు కిలోమీటర్ల ఎత్తున పెద్ద పారాచూట్ తెరుచుకుంది. వేగం 12 మీటర్లకు వచ్చింది. ఇంత దూరం లెక్క ప్రకారం వచ్చిన పెట్టె ఇప్పుడు గాలివాటుకు చిక్కింది. ఆ రెండు కిలోమీటర్లు దిగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ కాసేపూ గాలి ఎటు తోస్తే అటే.

9.46. బంగాళాఖాతం నీళ్లను తాకింది.

తాకిన వెంటనే తేలే ఏర్పాటు పనిచేసింది. పెట్టె మునగలేదు. అది పనిచేయకపోయి ఉంటే, ముప్పై ఆరు నిమిషాల కిందట మోటార్లు ఎంత కచ్చితంగా ఆగినా ఒరిగేదేమీ లేదు. తీరరక్షక దళం, నౌకాదళం ఓడలు, విమానాలు, హెలికాప్టర్లతో ఆ చుట్టుపక్కలే కాచుకుని ఉన్నాయి. సంకేతాలు అందుకునే పరికరాలు నేల మీదే కాదు, ఓడల్లో, విమానాల్లో కూడా పెట్టారు. రెండు మీటర్ల వస్తువును అలల మధ్య కళ్లతో వెతికి పట్టుకోవడం విమానంలోంచి చూసేవాడికి దాదాపు అసాధ్యం. ఒక నురగ తెల్లన, పక్కన ఇంకో నురగ తెల్లన. అందుకే కంటికంటే ముందు చెవిని నమ్ముకున్నారు. పెట్టె దొరికింది. ఒడ్డుకు చేరింది.

లోపలేముంది? రెండు ప్రయోగాలు. ఒకటి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం కలిసి చేసింది. బరువు తెలియని చోట లోహం కరిగి మళ్లీ స్ఫటికంగా ఎలా గడ్డకడుతుందో చూడటం దాని పని. రెండోది జంషెడ్‌పూర్ నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీది, నానో స్ఫటికాల తయారీ. నిజం చెప్పాలంటే ఆ ప్రయోగాల కోసం ఎవరూ ఇంత కష్టపడరు. పంపినదాన్ని కాలిపోకుండా, మునిగిపోకుండా, తప్పిపోకుండా వెనక్కి తెచ్చుకోగలమా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు రాకపోతే మనిషిని పంపే మాటే ఎత్తకూడదు.

జవాబు ఒకసారి వస్తే చాలదు. ఎస్‌ఆర్‌ఈ-2 అనుకున్నారు గానీ అది ఎగరలేదు. 2014 డిసెంబరు 18న ఎల్‌వీఎం3 తొలి ప్రయోగంలో కేర్ అనే మూడున్నర టన్నుల పైచిలుకు పెట్టెను 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలారు. అది అండమాన్ వైపు, ఇక్కడికి దాదాపు 1,600 కిలోమీటర్ల దూరంలో పడింది. తీరరక్షక దళం ఓడ సముద్ర పహరేదార్ దాన్ని ఎత్తుకుని చెన్నై పక్కన ఎన్నూరు రేవుకు తెచ్చింది.

ఈలోగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిశాయి. రికార్డులో పేరు మారింది గానీ రాకెట్ మోతకు తలెత్తి చూసే నెల్లూరోళ్లు అలాగే ఉన్నారు. 2023 అక్టోబరు 21న వాళ్లు పొద్దున్నుంచీ తలెత్తుకునే ఉన్నారు. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం చేసిన టీవీ-డీ1 పరీక్ష అది. ఎనిమిది గంటలకన్నారు, వాయిదా పడింది. మళ్లీ లెక్కపెడుతూ వచ్చి, సరిగ్గా ఐదు సెకన్లుందనగా కంప్యూటరే ఆపేసింది. చివరికి పది గంటలకు ఎగిరింది. రాకెట్‌కు ప్రమాదం జరిగితే వ్యోమగాముల పెట్టెను ఎలా లాగి తప్పించాలో చూసే పరీక్ష కాబట్టి, ఎగిరిన కాసేపటికే పెట్టెను వేరుచేశారు. పారాచూట్లు తెరుచుకున్నాయి. ఈసారి పడింది ఒడ్డుకు పది కిలోమీటర్ల దూరంలోనే, మన బోట్లు రోజూ తిరిగే నీళ్లలో.

నౌకాదళం గజఈతగాళ్లు దగ్గరికి పోయి చూస్తే పెట్టె దొరికింది గానీ తలకిందులుగా తేలుతోంది. ఖాళీ పెట్టె కాబట్టి నష్టం లేదు. లోపల ముగ్గురు మనుషులు బెల్టులకు వేలాడుతూ ఉండి ఉంటే సంగతి వేరు. అందుకే గగన్‌యాన్ పెట్టెకు, నీళ్లలో తిరగబడినా మళ్లీ నిలబెట్టే గాలిసంచుల ఏర్పాటు కూడా తోడవుతోంది.