డప్పు: చట్రము, చర్మము, నాదము

చర్మవాద్యముల చరిత్రలో మృదంగమును పరిణత వాద్యముగను, డప్పును అపరిణతముగను ఎంచుట పరిపాటి. ఈ తారతమ్యము మాకు సమ్మతము కాదు.

మృదంగ శబ్దమునకు మట్టి అంగముగా గలదని వ్యుత్పత్తి. నాట్యశాస్త్రము పుష్కరవాద్యముల చర్మమునకు నల్లమట్టి పూతను విధించినది. మట్టికాయమునకు మారుగా తరువాత పనసకొయ్య వచ్చినను పూత నిలిచినది. స్వరమునకు అదియే మూలమని 1920లో సి.వి. రామన్, శివకాళి కుమార్ చూపిరి. పూతలేని చర్మమున రెండవ కంపనము మొదటిదానికి 1.59 రెట్లు, మూడవది 2.14 రెట్లు, పూతగల చర్మమున అవి రెండు, మూడు రెట్లకు చేరువగును.

డప్పునకు పూత లేదు, కడుపును లేదు. జానెడు లోతైన లేని కొయ్యచట్రమునకు చింతగింజల అంబలితో తోలు అంటింతురు. వెనుకవైపు తెరచియుండుటచే మ్రోత నిలువదు. దెబ్బకు దెబ్బ విడివిడిగా వినబడును. సభలో గాయకుని శ్రుతికి లోబడుట మృదంగము పని. ఊరికి చాటుట, ఊరేగింపున నడచుట డప్పు పని. తోలు పదునుచేసి దీనిని కట్టినవారును వాయించినవారును ప్రధానముగా మాదిగలు. దీనిని అపరిణతమనుటలో నాదవిచారముకంటె కులవిచారమే హెచ్చని మా అభిప్రాయము.

శ్రుతికి దీనియందు తోలు బిగువే ఆధారము. తుర్కయంజాల్ పరిసరములలో బోనాలు ఆషాఢమున, వానకాలమున వచ్చును. తేమకు తోలు వదులగును; కావున మంటకు కాచుదురు. ఎప్పుడు తీయవలెనో చెవియే చెప్పును. పిదప కుడిచేతి సిర్రయు, ఎడమచేతి చిటికెనపుల్లయు పలుకును. నేడు ప్లాస్టిక్ పొర గల ఫైబర్ డప్పులు వచ్చినవి. వీనికి మంటతో పనిలేదు.