ఆఖరి బంతి

అమెరికాలో తెలుగువాళ్లు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" నల్లజాతి ఆడవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "ఓటుకు పేరు రాయించుకున్నావా?"

అడిగింది నేనుండే ఊరి లైబ్రరీ ముందు బల్ల వేసుకుని కూచున్న ముసలమ్మలు. అందరివీ ఎర్ర కోట్లు. ఒకామె రిటైరయిన టీచరు, ఇంకొకామె నాలాగే నర్సు. నాకింకా పౌరసత్వం లేదన్నాను. "వచ్చాక రా. మేం ఇక్కడే ఉంటాం" అన్నారు.

వాళ్లది డెల్టా సిగ్మా తీటా సంఘం. చదువయిపోతే సంబంధం తెగిపోదు. ఎక్కడ ఉద్యోగమొస్తే ఆ ఊరి పూర్వ విద్యార్థినుల శాఖలో చేరి, చందా కట్టి పని చేస్తారు. ఓటర్లను చేర్పించటం, ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులివ్వటం, చర్చి హాల్లో బీపీ, షుగరు చూడటం. నేనూ రెండేళ్లు వాళ్ల పక్కన కూచుని బీపీ చూశాను. వాళ్ల చరిత్ర అక్కడే విన్నాను, తర్వాత చదువుకున్నాను.

1913 జనవరి 13న వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది విద్యార్థినులు ఈ సంఘం పెట్టారు. రెండు నెలలైనా తిరక్కుండానే, మార్చి 3న, ఆడవాళ్లకు ఓటు కావాలని సాగిన పెద్ద ఊరేగింపులో నడిచారు. నల్లవాళ్లు వెనకాల నడవాలన్నారు తెల్ల నాయకురాళ్లు. దక్షిణాది తెల్లమ్మలు నొచ్చుకుంటారట! ఐడా బి. వెల్స్ ఒప్పుకోలేదు. దారి మధ్యలో ఇల్లినాయ్ జట్టులోకి వచ్చి కలిసింది. 1920లో ఆడవాళ్లకు ఓటొచ్చింది. దక్షిణాదిలో చాలామంది నల్ల ఆడవాళ్ల చేతికి అది అందింది మాత్రం 1965 చట్టం తర్వాతే.

ఇది చదివినప్పుడు మా ఊరి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. ఊరేగింపులో డప్పు కొడుతూ అందరికన్నా ముందు నడిచేది మా నాయన. తినేటప్పుడు ఆఖరి బంతి.

అదే విశ్వవిద్యాలయంలో 1908లో పుట్టిన ఇంకో సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా. 1934లో ఐడా జాక్సన్ మిసిసిపీలో పల్లెటూరి టీచర్లకు వేసవి బడి నడిపింది. ఒళ్లు బాగాలేని పిల్లలకి చదువేం ఎక్కుతుంది? 1935లో డాక్టర్ డొరొతీ ఫెరెబీ ముందుండి అక్కడే వైద్యానికి దిగారు. తోటల దొరలు కూలీల్ని వైద్యానికి బయటికి పోనివ్వలేదు. వీళ్లు కార్లలో మందులేసుకుని పత్తి తోటల్లోకే పోయారు. యుద్ధకాలం దాకా వేసవి వేసవికీ వెళ్లి పిల్లలకి టీకాలేశారు.

వీళ్లేం దేవతలు కారు. ఇదీ చదువుకున్నోళ్ల సంఘమే. పత్తి చేలో కూలికి పోయే ఆమెకి ఇందులో సభ్యత్వం లేదు. కానీ చదువుకున్నోళ్లు ఆ చేలోకి వెళ్లారు. మనం వెళ్లామా?

మా సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఒక గదిలో పద్నాలుగు మందిమి. తొమ్మిదిమందికి ఉద్యోగాలొచ్చాయి. ఒక్కళ్లమూ మళ్లీ ఆ గేటు తొక్కలేదు. "మీరేమిట్లు?" అన్నవాళ్లకి నేనేం చెప్పానో కూడా చెప్పాలి. "మా నాన్న మేష్టరు" అన్నాను. డప్పు కొట్టిన చేతుల్లో సుద్దముక్క పెట్టాను.

పోయినసారి ఇంటికొచ్చినప్పుడు ఆరుగురి ఫోన్ నంబర్లు దొరికాయి. హాస్టల్‌కి పోదాం, పిల్లలకి రక్తపరీక్ష చేద్దాం అన్నాను. "నేను హాస్టల్లో చదివానని మా అత్తగారోళ్లకి తెలీదే" అని ఇద్దరు రాలేదు. వాళ్లని నేనేమనగలను? నాతో కలిపి ఐదుగురం వెళ్లాం. చాలామంది పిల్లలకి రక్తం తక్కువే.

వచ్చినవాళ్ల వివరాలు రిజిస్టర్లో రాయమంది వార్డెనమ్మ. నా పేరు రాశాను. తండ్రి పేరు రాశాను. వృత్తి అన్నచోట డప్పు అని రాశాను.

మళ్లీ ఎప్పుడొస్తారని ఒక పిల్ల అడిగింది. ఏడాదికోసారి అని ఐదుగురం మాటిచ్చాం. చందా ఎంతన్నది ఇంకా తేలలేదు.